పాత కారు రూపం చెదరకుండా లోపల ఏమేమి మార్చవచ్చు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు వాడిన 1960ల నాటి నాలుగు తలుపుల కారు మీ చేతికి వచ్చింది. నడుస్తోంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కరెంటు పుట్టించే డైనమో, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్, నిప్పురవ్వ పుట్టే సమయాన్ని చూసే పాయింట్లు, నాలుగు గేర్లు అన్నీ అప్పటివే. ఇంటిల్లిపాదీ కలిసి దూరప్రయాణాలు చేయాలని మీ కోరిక. కొత్త ఇంజను, ఏసీ, ఐదు గేర్ల పెట్టె, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, డిస్క్ బ్రేకులు వేయించాలి, కానీ చూసేవారికి నాన్నగారి కారే కనిపించాలి అని అడిగారు.

ముప్పై అయిదేళ్లుగా ఇలాంటి కార్లను విప్పి బిగిస్తున్నాను. మీరు రాసిన వాటిలో సగం తప్పకుండా చేయించుకోండి. వరుస మాత్రం తలకిందులైంది. మీరు చివర రాసిన బ్రేకులు మొదటికి రావాలి, మొదట రాసిన ఇంజను చివరికి పోవాలి. వీలైతే అసలు జాబితాలోంచే పోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక షరతు పెట్టుకోండి. ఈ రోజు బిగించిన ప్రతి కొత్త భాగాన్నీ రేపు ఎవరైనా స్పానర్లతో విప్పి, పాతదాన్ని అదే చోట తిరిగి బిగించగలగాలి. రేకు కోయకూడదు, కొత్త రంధ్రం పెట్టకూడదు, వెల్డింగ్ చేయకూడదు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, నూనె రాసి, పెట్టెలో దాచాలి. పాత వాహనాల సంఘాలకు ప్రపంచ సమాఖ్య అయిన ఫివా కూడా మార్పులు వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలనీ, తీసిన భాగాలను గుర్తులు వేసి భద్రపరచాలనీ చెబుతుంది. ఆ మాట నాకు పుస్తకం చదివి తెలియలేదు. పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక యజమాని అడిగాడని, క్యాసెట్ ప్లేయర్ పట్టడానికి డ్యాష్‌బోర్డు ఇనుప రేకును రంపంతో కోశాను. పన్నెండేళ్ల తరువాత ఆయన కొడుకు అదే కారును తీసుకువచ్చి, పాత రేడియో దొరికింది, మళ్లీ పెట్టండి అన్నాడు. క్యాసెట్ల కాలం అప్పటికే దాటిపోయింది, కోసిన రేకు మాత్రం తిరిగి రాలేదు. ఆ డ్యాష్‌బోర్డును అతికి, రుద్ది, రంగు వేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అయినా వెలుతురు ఏటవాలుగా పడితే ఆ అతుకు కనిపిస్తుంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా రేకు మీద రంపం పెట్టలేదు.

ఇక కారు దగ్గరకు వద్దాం. ఏ కొత్త భాగమూ కొనకముందే కింద పడుకుని తుప్పు చూడండి. తలుపుల కింది పెట్టె భాగాలు, జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ చేతులు బిగుసుకునే చోట్లు, డ్రైవరు పాదాల కింది నేల, ఈ నాలుగూ ముఖ్యం. చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము కంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. నేల పుచ్చిపోయిన కారుకు డిస్క్ బ్రేకులు వేసి ప్రయోజనం లేదు. తుప్పు బాగు చేసే చోట వెల్డింగ్ తప్పదు. అది మార్పు కాదు, మరమ్మతు. కాబట్టి నా షరతు దానికి వర్తించదు.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మీ కారులో డ్రమ్ముల కంటే పెద్ద ప్రమాదం, పెడల్ తొక్కినప్పుడు బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌లో ఉంది. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్ నాలుగు చక్రాలకూ నూనె పంపుతుంది. ఎక్కడో ఒక గొట్టం పగిలితే పెడల్ నేలను తాకుతుంది, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు గదులది అయితే ఒక వైపు పోయినా ఇంకో వైపు పట్టుకుంటుంది. అమెరికాలో 1968 నుంచి కార్లకు ఈ రెండు గదుల ఏర్పాటును చట్టమే తప్పనిసరి చేసింది. మీరు ఒక్క మార్పే చేయగలిగితే, అది ఇదే కావాలి. బానెట్ ఎత్తితే తప్ప కనిపించదు, నల్ల రంగు వేస్తే ఎత్తినా కనిపించదు.

తరువాత పాత డ్రమ్ములనే పూర్తిగా బాగు చేయించండి. కొత్త వీల్ సిలిండర్లు, కొత్త రబ్బరు గొట్టాలు, డ్రమ్మును లోపలి నుంచి రుద్ది ఆపే లైనింగులు, గుండ్రం తప్పిన డ్రమ్ములకు లేత్ మీద కోత, ఆపైన సరైన సర్దుబాటు. డిస్క్ బ్రేకులు కావాలని నా దగ్గరకు వచ్చినవారిలో చాలామంది ఈ పని పూర్తయ్యాక నడిపి చూసి, ఇక చాలు అన్నారు. డ్రమ్ములు బలహీనమైనవని అనుకునే వారిలో ఎక్కువమంది బాగున్న డ్రమ్ములను ఎప్పుడూ తొక్కి చూడలేదు.

అయితే మీరు కొండదారుల్లో నిండు కారుతో దిగుతానన్నారు. అక్కడ డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు సడలుతుంది, ఎంత తొక్కినా కారు జారుతూనే ఉంటుంది. డిస్కు గాలికి బయటే తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. 1953 లె మాన్ పందెంలో జాగ్వార్ కార్లు డిస్కులతో గెలిచినప్పుడే ఆ సంగతి లోకానికి తెలిసింది. కాబట్టి మీకు ముందు చక్రాలకు డిస్కులు న్యాయమే. మీ మోడల్‌లోనే తరువాతి ఏళ్లలో కంపెనీ డిస్కులతో కారు తెచ్చి ఉంటే, ఆ భాగాలనే వెతకండి. చక్రం బిగించే హబ్బు, అది తిరిగే స్టబ్ యాక్సిల్, డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే క్యాలిపర్ కలిసి వచ్చే జత నేరుగా బిగుసుకుంటుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. పాత డ్రమ్ము మాస్టర్ సిలిండర్‌లో నూనె గొట్టాల్లో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అదే సిలిండర్‌తో డిస్కులు నడిపితే ప్యాడ్లు డిస్కును వదలవు, కొద్ది కిలోమీటర్లలో చక్రం పొగలు కక్కుతుంది. రెండవది, డిస్కుకు డ్రమ్ములాగా తనను తాను లాక్కునే గుణం లేదు. అందుకే పెడల్ గట్టిగా తొక్కాల్సి వస్తుంది, తొక్కే బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ కావాల్సి రావచ్చు. పెడల్ దగ్గర చోటు లేకపోతే నూనె గొట్టం మధ్యలో అమర్చే దూరపు బూస్టర్లు ఉన్నాయి, వాటిని ముందు ఫెండర్ లోపల దాచవచ్చు. మూడవది మీ రూపానికి సంబంధించినది. క్యాలిపర్ పాత చక్రం లోపల పట్టకపోతే మెకానిక్కు పెద్ద అల్లాయ్ చక్రాలు వేద్దాం అంటాడు. ఒప్పుకోకండి. పాత కారు ముఖం ఎంత గ్రిల్‌లో ఉంటుందో అంత చక్రాల్లోనూ ఉంటుంది. ఇనుప చక్రం, దాని మీది మెరుగు మూత మారితే దూరం నుంచే ఏదో తేడా తెలిసిపోతుంది. మీ చక్రం లోపల పట్టే క్యాలిపర్ దొరికేదాకా ఆగండి. కొత్త హబ్బు చక్రాన్ని బయటికి నెడుతోందేమో కూడా కొలవండి. కొద్ది మిల్లీమీటర్లు జరిగినా మలుపులో టైరు ఫెండర్ అంచును కోస్తుంది.

చక్రాలు ఉంచి టైర్లు మార్చండి. లోపలి తాళ్లు అంచు నుంచి అంచుకు నేరుగా సాగే రేడియల్ టైరుకు మిషెలిన్ పేటెంట్ తీసుకున్నది 1946లో, కాబట్టి మీ కారు కాలానికి అది పరాయిదేమీ కాదు. పాత టైరు ఎత్తుకు దగ్గరగా ఉండే పొడవైన పక్కగోడ ఉన్న రేడియల్ వేస్తే రూపం చెడదు, స్పీడోమీటర్ తప్పు చెప్పదు, రోడ్డు పట్టు మాత్రం వేరే కారులా అనిపిస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చండి. ఒకే యాక్సిల్ మీద రేడియల్‌ను, తాళ్లు ఏటవాలుగా అల్లిన పాత రకం క్రాస్‌ప్లైతో కలపడం ప్రమాదం. పాత రివెట్ల రిమ్ము గాలి నిలపకపోవచ్చు, అందువల్ల రేడియల్‌కు సరిపడే ట్యూబులు వాడండి. ఈ మార్పు తరువాత చక్రాల అమరిక మళ్లీ సరిచూడాలి, కంపెనీ పాత లెక్కలు క్రాస్‌ప్లైకి రాసినవి.

సీటు బెల్టుల దగ్గర నా షరతును నేనే సడలిస్తాను. మూడు చోట్ల పట్టే బెల్టును వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తీర్చిదిద్దాడు, వోల్వో ఆ పేటెంటును అందరూ వాడుకునేలా వదిలింది. మీ కారులో బెల్టులు లేకపోయినా, మధ్య స్తంభం మీది అట్ట తీసి చూడండి. ఆ దశాబ్దపు చాలా కార్లలో బోల్టు బిగించే మరల గుంటను కంపెనీ ముందే పెట్టి ఉంచింది. లేకపోతే రంధ్రం పెట్టాల్సిందే. పలుచని రేకుకు కాకుండా నిర్మాణ భాగానికి, వెనుక మందమైన ఇనుప పలకతో, ఆ పని తెలిసినవారి చేత పెట్టించండి. పిల్లలు కూర్చునే కారులో ఈ ఒక్క రంధ్రానికి నేను ఎప్పుడూ బాధపడలేదు. సీటు గుడ్డ రంగుకు దగ్గరి రంగు పట్టీ ఎంచుకుంటే కంటికి ఆనదు.

ఇప్పుడు కరెంటు సంగతి. మీరు హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని ఎల్‌ఈడీలు అడిగారు. ముందు బల్బు వెలుగుతుండగా దాని వెనుక మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి బల్బు దగ్గర 11 కంటే తక్కువ కనిపిస్తే నేను ఆశ్చర్యపోను. ఆ కాలపు కార్లలో హెడ్‌లైట్ల కరెంటంతా సన్నని తీగలో డ్యాష్‌బోర్డు స్విచ్చు దాకా, అక్కడి నుంచి పాదం కింది డిప్పర్ స్విచ్చు దాకా తిరిగి ముందుకు వస్తుంది. అరిగిన ప్రతి కాంటాక్టూ కాస్త తింటుంది. బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. దీనికి మందు రెండు రిలేలు (చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), ఒక ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా ఒక మందపు తీగ. పాత స్విచ్చులు అక్కడే ఉంటాయి, రిలేకు సైగ మాత్రం చేస్తాయి, వాటి ఆయుష్షూ పెరుగుతుంది. ఆ తరువాత గాజు, గిన్నె, తంతు ఒకటిగా మూసిన పాత సీల్డ్ బీమ్ స్థానంలో అదే కొలత గాజుతో, బల్బు విడిగా మార్చగల హెచ్4 రకం హాలోజన్ దీపం పెట్టండి. వెలుగు చూసి మీరే మెచ్చుకుంటారు.

తంతు కోసం చేసిన అద్దం గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం నాకు సమ్మతం కాదు. హాలోజన్ తంతు గిన్నెలో ఒక కచ్చితమైన బిందువు దగ్గర ఉంటుంది, ఆ బిందువును బట్టే గిన్నె వంపు తయారైంది. ఎల్‌ఈడీ చిప్పు ఆ బిందువులో సరిగ్గా కూర్చోకపోతే వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివారి కళ్లలో పడుతుంది. చాలా దేశాల్లో చట్టమూ ఒప్పుకోదు. ఆ తెల్లని నీలి వెలుగు పాత ముఖానికి నప్పదు కూడా. వెనుక బ్రేకు దీపాలకైతే ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఈడీ మంచిదే. తేడా కనిపించదు, తంతు వేడెక్కేలోపే వెలిగిపోతుంది కాబట్టి వెనుక వచ్చేవాడికి క్షణంలో కొంత భాగం ముందే తెలుస్తుంది. ఇండికేటర్లకు కూడా వేస్తే వాటిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ మార్చాలి, లోడు తక్కువైతే అది మినుకుమినుకుమనదు.

ఇదంతా మోయడానికి డైనమో చాలదు. ఆ తరగతి కార్లలో చాలావాటికి ఉండే డైనమో 22 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది, అదీ ఇంజను పరుగెత్తేటప్పుడే. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజను ఊరికే తిరిగేటప్పుడు, దాదాపు ఏమీ ఇవ్వదు. తరువాతి కార్లలో దాని స్థానంలోకి వచ్చిన ఆల్టర్నేటర్ ఐడిల్‌లోనే బాగా ఇస్తుంది. డైనమో గొట్టం ఆకారంలోనే లోపల ఆల్టర్నేటర్ పెట్టి తయారు చేసేవి దొరుకుతాయి. ఖరీదు ఎక్కువ, మీ కోరికకు మాత్రం అదే సరైనది. డైనమో వోల్టేజీని అదుపు చేసే పాత రెగ్యులేటర్ పెట్టెను పారేయవద్దు. దానికిక పని లేదు, కానీ ఇంజను గది గోడ మీద అది లేని చోటు వెలవెలబోతుంది. దాన్ని అలాగే భద్రంగా దాచి, అలాంటిదే ఇంకొక పాడైన పెట్టె సంపాదించి, లోపల ఖాళీ చేసి, నేను పైన చెప్పిన రిలేలూ ఫ్యూజులూ అందులో అమర్చండి. మూత పెడితే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. నాకు ఈ పనిలో ఉన్నంత తృప్తి ఇంజను బిగించడంలో కూడా లేదు.

ఆల్టర్నేటర్ బిగించే ముందు రెండు విషయాలు చూడాలి. మీ కారుకు బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉందా, నెగెటివా? పాజిటివ్ అయితే ఆల్టర్నేటర్ కోసం సాధారణంగా నెగెటివ్‌కు మార్చాల్సి ఉంటుంది. నిప్పురవ్వకు వోల్టేజీ పెంచే కాయిల్ తీగలు, గడియారం, రేడియో అన్నీ దానికి తగ్గట్టు మార్చకపోతే కాలిపోయేవి కాలిపోతాయి. ఇక డ్యాష్‌బోర్డులో ఆంపియర్ మీటరు ఉంటే, కారు కరెంటు దాదాపు అంతా దాని గుండానే పోతుంది. 30 ఆంపియర్లకు చేసిన మీటరు గుండా 60 పంపితే డ్యాష్‌బోర్డు వెనుక నిప్పు అంటుకోవచ్చు. కొత్త మందపు తీగతో మీటరును తప్పించండి, లేదా అదే ముఖం ఉంచి లోపల వోల్ట్‌మీటర్ యంత్రం పెట్టించండి. గుడ్డ చుట్టిన పాత తీగలు పొడిపొడిగా రాలుతుంటే అతుకులు వేయకుండా మొత్తం తీగల కట్టను (హార్నెస్) మార్చండి. లోపల కొత్త తీగ, పైన పాత రంగు నేత చుట్టినవి తయారు చేసేవారున్నారు. బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్చు, సీటు కింద చిన్న అగ్నిమాపకం కూడా పెట్టండి.

పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయడం అరగంట పని. డిస్ట్రిబ్యూటర్ మూత కిందే పట్టిపోతుంది, బయటికి ఒక అదనపు తీగ తప్ప ఏదీ కనిపించదు. కాయిల్ నిరోధం ఆ మాడ్యూల్ అడిగినంత ఉందో లేదో చూసుకోండి. ఇంజను తిరగకుండా తాళం చెవి ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్లు కాలిపోతాయి. తీసిన పాయింట్లు, కండెన్సర్ గ్లౌబాక్సులో పెట్టుకోండి. దారిలో మాడ్యూల్ చచ్చిపోతే వాటితోనే ఇంటికి వస్తారు.

కార్బురేటర్‌ను తీసి ఫ్యూయల్ ఇంజెక్షన్ వేయమని మీకు ఎవరో సలహా ఇచ్చారని రాశారు. కార్బురేటర్ ఆకారంలోనే ఇంజెక్షన్ బాడీలు వస్తున్న మాట నిజమే. కానీ దానికి ఎక్కువ ఒత్తిడి పంపు, తిరుగు గొట్టం, పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ కావాలి. మీ కారు ఉదయం పూట మొండికేస్తున్నది కార్బురేటర్ తప్పు వల్ల కాకపోవచ్చు, దాని థ్రాటిల్ కడ్డీ అరిగి పక్కనుంచి గాలి పీల్చడం వల్ల కావచ్చు. కడ్డీకి కొత్త బుష్షులు వేయించి, పూర్తిగా కడిగి బిగించి చూడండి. ఆ చూషణ శబ్దం కూడా మీ కారు రూపంలో భాగమే, నాన్నగారి కారు ఆనవాలు కళ్లతో పాటు చెవులకూ తెలుస్తుంది.

ఇంధనం మాత్రం మారిపోయింది, దాన్ని పట్టించుకోవాలి. సీసం కలిపిన పెట్రోలు 2021 నాటికి ప్రపంచమంతటా రోడ్డు వాహనాలకు ఆగిపోయింది. పాత ఇనుప హెడ్డుల్లో వాల్వు కూర్చునే చోటును ఆ సీసమే కాపాడేది. మెల్లగా నడిపితే తొందరేమీ లేదు, హెడ్డు ఎలాగూ విప్పినప్పుడు గట్టి సీటు వలయాలు వేయించండి. ఇథనాల్ సంగతి అంత నిదానంగా చూసేది కాదు. అది పాత రబ్బరును ఉబ్బించి పగులగొడుతుంది, తేమను పీల్చి ట్యాంకులో తుప్పు పుట్టిస్తుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ప్రతి రబ్బరు గొట్టాన్నీ ఎస్ఏఈ జె30 ఆర్9 (ఇంధన గొట్టాల ప్రమాణం) అని ముద్ర ఉన్నదానితో ఈ నెలలోనే మార్చండి.

వేడెక్కే బాధకు పాత రేడియేటర్ పై ట్యాంకు, కింది ట్యాంకు ఉంచి, మధ్యలో ఒత్తుగా అల్లిన కొత్త కోర్ వేయించవచ్చు. ముందు నుంచి అదే రేడియేటర్. ట్రాఫిక్‌లో నిలబడేటప్పటి కోసం వెనుక ఒక పలుచని కరెంటు ఫ్యాను చాలు.

ఏసీ చివరి మజిలీ. ఆల్టర్నేటర్, రేడియేటర్ రెండూ సిద్ధమయ్యాకే అది. చిన్న ఇంజను బలంలో కొన్ని గుర్రాలను కంప్రెసర్ తినేస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లోటు కాలికి తెలుస్తుంది. డ్యాష్‌బోర్డు కింద వేలాడే పెట్టె కంటే సామాను అర కింద దాగే యూనిట్ నయం. అంతకంటే ముందు తలుపుల లోపల, నేల మీద, ఇంజను గోడకు వేడి ఆపే పొర వేయించండి, తలుపుల రబ్బర్లు మార్చండి. సగం వేడి అక్కడే ఆగుతుంది, బిగింపులో ఒక్క రంధ్రమూ అక్కరలేదు.

అయిదు గేర్ల పెట్టె విషయంలో ఒకటే ప్రశ్న. రేకు కోయకుండా నేల మధ్య సొరంగంలో పడుతుందా, గేరు కడ్డీ పాత రంధ్రంలోంచే పైకి వస్తుందా? రెండింటికీ అవునంటే చేయించండి. బలాన్ని వెనుక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, స్పీడోమీటర్ పళ్లు సరిచేసుకుంటే దూరప్రయాణంలో ఇంజను హాయిగా ఊపిరి తీస్తుంది. కాదంటే వెనుక యాక్సిల్‌కు అదే వేగానికి ఇంజను తక్కువ తిరిగేలా కాస్త పొడవైన నిష్పత్తి గేర్లు వేయించండి, బయటికి ఏమాత్రం తెలియదు.

కొత్త ఇంజను గానీ, కరెంటు మోటారు గానీ వద్దంటున్నాను. చేయలేక కాదు, రెండూ చేసినవారిని ఎరుగుదును. ఇంజను మారితే దాని బరువుకు సస్పెన్షన్, బలానికి యాక్సిల్, యాక్సిల్‌కు బ్రేకులు, గొట్టాలకు బాడీ ఒకదాని వెంట ఒకటి మారుతూ పోతాయి. చివరికి నాన్నగారి కారులో మిగిలేది పైరేకే. రిజిస్ట్రేషను, బీమా చిక్కులు సరేసరి. మిగతా మార్పులకు కూడా బీమా సంస్థకు రాతపూర్వకంగా ముందే చెప్పి ఉంచండి.

ఒకేసారి అన్నీ విప్పి పోయకండి. ఒక్కొక్క పని చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, తరువాతిది ముట్టుకోండి. లేకపోతే ఏ చప్పుడు ఏ మార్పు వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. విప్పే ప్రతి భాగాన్నీ విప్పకముందే నాలుగు వైపుల నుంచి ఫోటో తీయండి.

ఈ వారం మీరు చేయగలిగినవి నాలుగు కొలతలు. ముందు చక్రం లోపలి వ్యాసం, డ్రమ్ము లోపలి వ్యాసం, లైట్లు వెలిగించి హెడ్‌లైటు బల్బు వెనుక వోల్టేజీ, బ్యాటరీ ఏ కొన బాడీకి కలిసి ఉందో. మాస్టర్ సిలిండర్ మీద పోతపోసిన అంకెలు ఉంటే అవి కూడా రాయండి. వాటిని చూసి మీకు ఏ రెండు గదుల సిలిండర్ సరిపోతుందో చెబుతాను.